వైద్య విద్యార్థి భార్యగా గ్రెనడా దీవికి వెళ్తున్నాను: అక్కడ కాపురం చేసినవారు చెప్పగలరా?

నల్లగొండ టీచరమ్మ | మే 11

అందరికీ నమస్కారం. మాది నల్లగొండ. ఎమ్మెస్సీ, బీఎడ్ చేసి ఆరేళ్లుగా ఒక ప్రైవేటు పాఠశాలలో తొమ్మిది, పది తరగతులకు గణితం చెబుతున్నాను. మావారు ఈ జనవరిలో కరీబియన్ సముద్రంలోని గ్రెనడాలో సెయింట్ జార్జెస్ విశ్వవిద్యాలయంలో ఎండీ (మన ఎంబీబీఎస్ లాంటి చదువు) మొదటి టర్ములో చేరారు. మొదటి రెండేళ్లు దీవిలోనే చదువు, ఆ తరువాత ఆసుపత్రుల్లో శిక్షణ వేరే దేశంలో ఉంటుంది. జూలై చివర నేను కూడా వెళ్లాలని అనుకుంటున్నాము.

మనవైపు దీవి అంటే సాగర్‌లో లాంచీ ఎక్కి నాగార్జునకొండ చూసి సాయంత్రానికి ఇల్లు చేరడమే కానీ, దీవిలో కాపురం పెట్టినవాళ్లు మా బంధువుల్లో ఎవరూ లేరు. అత్తమ్మ "రెండేళ్లే కదా బిడ్డా, ఉన్న ఉద్యోగం ఎందుకు పోగొట్టుకుంటావు" అంటున్నారు. అమ్మ మాత్రం "పెళ్లయిన ఏడాదికే చెరొక దిక్కున ఉంటే ఎట్లా" అంటోంది. ఇద్దరి మాటా కొట్టిపారేసేది కాదు. నా సందేహాలు ఇవి: మన మిక్సీ, కుక్కరు అక్కడ పనికి వస్తాయా, పప్పు దొరుకుతుందా, తుఫానుల సంగతి ఏమిటి. వీటన్నిటికంటే పెద్ద సందేహం, ఆయన పొద్దున పోయి రాత్రి వస్తే అంతసేపు నేనేం చేయాలన్నది.

గ్రాండ్ ఆన్స్ అక్క | మే 11

చెల్లీ, మాది సూర్యాపేట. మావారి చదువు కోసం నేను అక్కడ రెండేళ్లకు నాలుగు నెలలు తక్కువ ఉన్నాను. కళాశాల ఉండేది దీవికి నైరుతి మూలన ట్రూ బ్లూ అనే చోట. విద్యార్థులు ఎక్కువగా అద్దెకు ఉండేది ఆ చుట్టుపక్కలా, గ్రాండ్ ఆన్స్ వైపునా.

ముందు కాగితాల సంగతి చూసుకోండి, సామాన్లు తరువాత సర్దుకోవచ్చు. పెళ్లి పత్రిక, ఫొటోలు అక్కడ లెక్కలోకి రావు. సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో వివాహ ధ్రువపత్రం తీసుకొని, దానికి రాష్ట్ర ప్రభుత్వ ధ్రువీకరణ చేయించి, ఆపైన విదేశాంగ శాఖ అపొస్టిల్ (ఆ పత్రం విదేశాల్లో చెల్లేలా వేసే ముద్ర) వేయించుకోవాలి. మీ పదో తరగతి మెమోలో, పాస్‌పోర్టులో, ఆ ధ్రువపత్రంలో ఇంటిపేరు ఒకే తీరుగా ఉందో లేదో ఇవాళే చూడండి, ఎందుకంటే నా విషయంలో ఒక్క అక్షరం తేడా వల్ల నెలన్నర పోయింది. అమెరికా మీదుగా వెళ్లే టికెట్టు కొంటే, విమానం మారడానికి మాత్రమే దిగినా ఆ దేశపు వీసా ఉండాలి. చౌకగా ఉందని టికెట్టు ముందు కొని వీసా కోసం తరువాత పరుగెత్తినవాళ్లను నేను చూశాను.

మిక్సీ నిశ్చింతగా తీసుకెళ్లండి. గ్రెనడాలో కరెంటు 230 వోల్టులే, 50 హెర్ట్‌జ్‌లే, అచ్చంగా మన ఇంట్లో ఉన్నట్టే. ప్లగ్గు మాత్రం బ్రిటన్‌లో వాడే మూడు చదరపు కాళ్ల రకం కాబట్టి అడాప్టర్లు నాలుగు కొనుక్కోండి. న్యూజెర్సీలో ఉన్న చుట్టాలు ప్రేమతో ఎలక్ట్రిక్ కుక్కరు పంపుతామంటే మాత్రం వద్దనండి. అది 120 వోల్టులది, అక్కడ ప్లగ్గులో పెట్టిన క్షణంలోనే మాడిపోతుంది.

మిర్యాలగూడ అల్లుడు | మే 12

అక్క గారు చెప్పిన వోల్టుల విషయానికి ఒక సవరణ కాదు, ఒక హెచ్చరిక. అన్ని దీవులూ ఒకటి కావు. నా భార్య చదువుకున్నది బార్బడోస్‌లో. అక్కడ కరెంటు 115 వోల్టులు. మా అత్తగారు ముచ్చటపడి కొనిచ్చిన మిక్సీలో నానబెట్టిన మినప్పప్పు వేస్తే, అది మూలిగి, నాలుగు చుట్లు తిరిగి, ఇక నా వల్ల కాదన్నట్టు ఆగిపోయింది. ఆ రోజు ఇడ్లీ పిండికి బదులు గారెల పిండికి కూడా పనికిరాని ముద్ద మిగిలింది. కాబట్టి ఇది చదివే ఇతరులు, వెళ్లేది ఏ దీవికో తెలుసుకొని మరీ పెట్టె సర్దుకోవాలి.

భార్య వైద్య విద్యార్థిని, భర్త ఇంట్లో ఉండేవాడు అనేసరికి మనవాళ్లు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి. "అల్లుడు గారు అక్కడ ఏం చేస్తుంటారు" అని ప్రతి ఫోనులోనూ అడిగేవారు. నేను సాఫ్ట్‌వేర్ పని దూరం నుంచే చేసుకునేవాడిని కనుక బయటపడ్డాను. దీవి ఏదైనా స్థానికంగా ఉద్యోగం చేయాలంటే పర్మిట్టు కావాలి, అది అడగ్గానే ఇచ్చేది కాదు. టీచరమ్మ గారు ఈ విషయం మనసులో పెట్టుకొని బయలుదేరాలి.

పాలమూరు పంతులు | మే 12

అమ్మా, నేను మహబూబ్‌నగర్‌లో భూగోళం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. గ్రెనడా మొత్తం, పక్కనున్న కారికూ, పెటిట్ మార్టినీక్ చిన్న దీవులతో కలిపి, 344 చదరపు కిలోమీటర్లు. మన దగ్గర కొన్ని మండలాలు కలిపితే అంత అవుతుంది. అది స్వతంత్ర దేశమైంది 1974 ఫిబ్రవరి 7న. మీవారి కళాశాల 1976లో స్థాపించబడింది. 1983 అక్టోబరు 19న ప్రధాని మారిస్ బిషప్‌ను చంపేసిన తరువాత, అదే నెల 25న అమెరికా సైన్యం ఆ దీవిలో దిగింది. అందుకు అధ్యక్షుడు రీగన్ చెప్పిన కారణాల్లో ఒకటి ఆ కళాశాలలోని అమెరికన్ విద్యార్థుల రక్షణ. మీరు దిగబోయే విమానాశ్రయానికి ఇప్పుడు ఆ బిషప్ పేరే ఉంది.

ఇంకొక మాట. 1857 మే 1న మెయిడ్‌స్టోన్ అనే ఓడలో మొదటి భారతీయ ఒప్పంద కూలీలు ఆ దీవిలో దిగారు. పొట్ట చేతపట్టుకొని పోవడమంటే ఏమిటో పాలమూరు వాళ్లకు వేరే చెప్పనక్కరలేదు, కానీ ఆ కూలీల్లో ఎందరో తిరిగి రాలేదు. వారి వంటల్లో రొట్టె, కూర మాత్రం అక్కడివాళ్లందరి వంటలైపోయాయి. మీకు వీధి చివర దుకాణంలో శనగల కూర చుట్టిన రోటీ కనిపిస్తే ఆశ్చర్యపోకండి.

కొల్లాపూర్ వంటిల్లు | మే 13

పంతులు గారి చరిత్ర బాగుంది కానీ, అమ్మాయి అడిగింది పప్పు సంగతి కదా సార్. మా చెల్లెలు అక్కడ ఏడాది ఉన్నప్పుడు నేను మూడు నెలలు ఉండి వచ్చాను. నేను చూసింది రాస్తాను.

సూపర్ మార్కెట్‌లో పప్పు అని అడిగితే ఇచ్చేది పసుపుపచ్చని బఠానీ పప్పు. మెత్తగా ఉడకడానికి మన కందిపప్పుకంటే రెండు విజిళ్లు ఎక్కువ తీసుకుంటుంది, చింతపండు, ఎల్లిపాయ దండిగా పడితేనే నోటికి ఎక్కుతుంది. కందిపప్పు మూడు నాలుగు కిలోలు వెంట తీసుకెళ్లండి. అయితే ఒక మంచి సంగతి ఉంది. మన దగ్గర సంక్రాంతికి ముందు చేల మీద పచ్చి కందికాయలు వచ్చే రోజుల్లోనే అక్కడ కూడా అవి సంతకు వస్తాయి. ఉప్పు వేసి ఉడకబెట్టి, వేడివేడిగా ఒలుచుకొని తింటూ కూర్చుంటే, చుట్టూ ఇంగ్లీషు వినపడుతున్నా సరే, మా పొలం గట్టు మీద ఉన్నట్టే అనిపించింది.

వాళ్లు కలలూ అని పిలిచే ఆకుకూర మరేదో కాదు, మన చామ ఆకే. సరిగా ఉడకకపోతే గొంతు దురద పెడుతుంది కాబట్టి చింతపండు పులుసులోనే వండండి. ఆ ఆకును, సీమ పనసకాయ ముక్కలను, ఉప్పు మాంసాన్ని, పసుపును కొబ్బరిపాలలో వేసి, పాలన్నీ ఇగిరి అడుగున నూనె తేలేదాకా ఒకే గిన్నెలో ఉడికిస్తారు. ఆయిల్ డౌన్ అంటారు, అది వాళ్ల జాతీయ వంటకం. మాంసం తిననివాళ్లు అది లేకుండా చేసుకోవచ్చు, రుచికి లోటేమీ ఉండదు. మిరపకాయలు గుమ్మడి ఆకారంలో చిన్నగా, చూడముచ్చటగా ఉంటాయి. అవి గుంటూరు కారాన్ని మించినవి కాబట్టి మొదటిసారి ఒక్క కాయలో పావు వంతుతో మొదలుపెట్టండి. సీతాఫలం దొరుకుతుంది, కానీ బాలానగర్ కాయలు తిన్న నోటికి అది ఆనలేదని నా అభిప్రాయం.

జొన్నపిండి తీసుకెళ్తే ఫ్రిజ్‌లోనే పెట్టండి, అక్కడి గాలి తేమకు పదిహేను రోజుల్లో పురుగు పడుతుంది. పట్టుచీరలు రెండుకు మించి వద్దు, బూజు పడుతుంది. మిలిటరీ రంగుల మచ్చల బట్టలు మీవారికి ఉంటే ఇంట్లోనే వదిలేయమనండి. ఆ దేశంలో సైన్యం తప్ప మామూలు జనం అవి వేసుకోవడం నేరం.

వనపర్తి కోడలు | మే 15

అందరూ సామాన్ల గురించి రాస్తున్నారు. నేను ఎనిమిది నెలలకే తిరిగి వచ్చినదాన్ని కనుక వేరే సంగతి రాస్తాను. ఇది మిమ్మల్ని భయపెట్టడానికి కాదు.

సముద్రం అందంగా ఉంటుంది, ఎండ మన మే నెల ఎండలో సగం కూడా ఉండదు, ఏడాది పొడవునా ముప్పై డిగ్రీల అటూ ఇటూ. మొదటి నెల రోజూ గ్రాండ్ ఆన్స్ ఒడ్డున నడిచాను. రెండో నెల వారానికి రెండుసార్లు. నాలుగో నెలకు తలుపు తీస్తే సముద్రం కనిపిస్తుందని తలుపే తీయడం మానేశాను. మావారి తప్పు ఏమీ లేదు. ఉదయం ఉపన్యాసాలు, మధ్యాహ్నం శరీర నిర్మాణ ప్రయోగశాల, రాత్రి పదకొండు దాకా గ్రంథాలయం. భోజనం దగ్గర కూర్చుంటే, చేతికి వెళ్లే నరాల అల్లిక ఎట్లా చీలుతుందో కంచం అంచున మెతుకులతో పేర్చి చూపించేవారు. నేను ఆయన చదువు కార్డులు పట్టుకొని ప్రశ్నలడిగేదాన్ని, ఆయన జవాబు చెప్పేవారు. కొన్నాళ్లకు మా ఇద్దరి మధ్య మాటలంటే అవే మిగిలాయని ఒక రాత్రి గుర్తించాను. ఆయన పరీక్ష బాగా రాస్తే నాకు మంచి రోజు, సరిగా రాయకపోతే చెడ్డ రోజు. నాదంటూ ఒక రోజు లేదు.

ఇంటికి ఫోను చేద్దామంటే, అక్కడ మధ్యాహ్నం పన్నెండు అయ్యేసరికి మనకు రాత్రి తొమ్మిదిన్నర. అమ్మ నిద్రకు వేళవుతుంది. నాకు ఒంటరితనం మొదలయ్యే సాయంత్రానికి ఊరంతా గాఢనిద్రలో ఉంటుంది. పైగా ఫోనులో "విశేషమేమైనా ఉందా" అన్న ప్రశ్న ఒకటి. ఆ దీవిలో కానుపు ఎట్లా జరుగుతుంది, బీమాలో అది ఉంటుందా అని తెలుసుకోకుండా ఆ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పకండి.

నా సలహా ఏమిటంటే, వెళ్లండి, కానీ చేతిలో మీ పని ఒకటి పట్టుకొని వెళ్లండి. లేదా వచ్చే జనవరికి వెళ్లండి.

నల్లగొండ టీచరమ్మ | మే 16

అక్కా, మీరు రాసింది రాత్రి రెండుసార్లు చదివాను. మావారికి కూడా పంపాను. ఆయన చాలాసేపటి తరువాత "నిజమే" అని ఒక్క మాట రాశారు.

మీ గంటల లెక్క చూశాక నాకొక ఆలోచన వచ్చింది. మన సాయంత్రం ఆరు గంటలంటే అక్కడ ఉదయం ఎనిమిదిన్నర. నల్లగొండలో పిల్లలు బడి నుంచి వచ్చి, కాళ్లు చేతులు కడుక్కొని ట్యూషనుకు కూర్చునే వేళ, మావారు తరగతికి వెళ్లిపోయే వేళ ఒకటే అవుతున్నాయి. మా బడిలో పది చదువుతున్న పిల్లల తల్లిదండ్రులు నలుగురైదుగురిని అడిగి చూస్తాను. ఫీజు ఇక్కడి ఖాతాలోనే పడుతుంది.

మిర్యాలగూడ అల్లుడు | మే 16

చాలా మంచి ఆలోచన. మీ నివాస అనుమతిలో ఇటువంటి పనికి అభ్యంతరం లేదని మాత్రం ముందే రాతపూర్వకంగా అడిగి తెలుసుకోండి. ఇల్లు చూసేటప్పుడు ఇంటర్నెట్ వేగం, కరెంటు పోతే జనరేటరు, నీటి ట్యాంకు ఈ మూడూ అడగమనండి. సముద్రం కనిపించే బాల్కనీకి అద్దె ఎక్కువ, అది అడగనక్కరలేదు. ఏసీ విషయంలో చేయి బిగబట్టుకోండి. అక్కడ కరెంటు చాలావరకు డీజిలుతో తయారవుతుంది, బిల్లు చూస్తే గుండె ఝల్లుమంటుంది. స్థానిక డాలరు 2.70 పెడితే ఒక అమెరికా డాలరు, 1976 నుంచి అదే లెక్క. ధర చూసినప్పుడు ఏ డాలరో చూసుకోవాలి.

దేవరకొండ వాసి | మే 18

నీటి ట్యాంకు అన్నారు కాబట్టి ఒక ప్రశ్న. చుట్టూ సముద్రం ఉన్నా తాగునీటికి కరువేనా? ఫ్లోరైడు నీళ్లు తాగి వంకర్లు పోయిన కాళ్లను చూస్తూ పెరిగిన ప్రాంతం మనది. ఎక్కడికి వెళ్లినా మొదట నీళ్ల గురించే అడుగుతాము.

గ్రాండ్ ఆన్స్ అక్క | మే 19

అన్నా, సరైన ప్రశ్న. జనవరి నుంచి మే దాకా అక్కడ వానలు తక్కువ, ఆ నెలల్లో కుళాయి కొన్నిసార్లు ఒట్టిపోతుంది. 2024 మే నెలలో దేశమంతటా నీటి వాడకంపై ఆంక్షలు పెట్టారు. ఇంటి పక్కన పెద్ద నల్ల ప్లాస్టిక్ ట్యాంకు ఉన్న ఇల్లే అద్దెకు తీసుకోవాలి. బిందెల వరుసలో నిలబడిన చేతులు మనవి, రెండు బకెట్లతో రోజు గడపడం మనకు నేర్పాలా? అమెరికా నుంచి వచ్చిన పక్కింటి అమ్మాయి నా దగ్గర చెంబుతో స్నానం చేయడం నేర్చుకుంది.

ఇక తుఫాను. తుఫాను అంటే మనకు బందరు, విశాఖల వార్త. మన దాకా వచ్చేది దాని చివరి వాన. అక్కడ జూన్ 1 నుంచి నవంబరు 30 దాకా దాని కాలం. గ్రెనడా దక్షిణాన ఉండటం వల్ల చాలా తుఫానులు ఉత్తరం నుంచే వెళ్లిపోతాయి కానీ అన్నీ కాదు. 2004 సెప్టెంబరు 7న ఐవాన్ వచ్చినప్పుడు దీవిలో చాలా ఇళ్ల పైకప్పులు లేచిపోయాయి, జాజికాయ తోటలు నేలకొరిగాయి. ఆ దేశపు జెండా మీద కూడా జాజికాయ ఉంటుంది. ఆ చెట్టు కాపుకు రావడానికే ఏళ్లు పడుతుంది కనుక, ఆ నష్టం నుంచి రైతులు తేరుకోవడం ఎంత కష్టమో మీరే ఊహించండి. 2024 జూలై 1న బెరిల్ కారికూ దీవిని తుడిచిపెట్టింది, కళాశాల ఉన్న దక్షిణ భాగానికి అంత దెబ్బ తగలలేదు. మరో దీవి డొమినికాలో ఉండే రాస్ వైద్య విశ్వవిద్యాలయం 2017 సెప్టెంబరులో మరియా తుఫాను తరువాత కొంతకాలం ఓడలోనే తరగతులు నడిపి, చివరకు 2019లో బార్బడోస్‌కు మారిపోయింది.

మీరు చేయవలసింది తక్కువే. పాస్‌పోర్టులు, ధ్రువపత్రాలు నీళ్లు దూరని సంచిలో ఒకేచోట ఉంచండి. హెచ్చరిక రాగానే ట్యాంకు, బకెట్లు నింపి, ఫోన్లు ఛార్జి పెట్టి, గ్యాసు సిలిండరు చూసుకొని, అటుకులు, పల్లీలు, చెగోడీలు వంటివి డబ్బాలో పెట్టుకోండి. ఇంటి యజమాని కిటికీలకు చెక్కలు బిగిస్తాడా, మీరే బిగించుకోవాలా అన్నది ఒప్పందం నాడే అడగండి.

మరొక్కటి, ఇది ఎవరూ చెప్పరు. ఒడ్డున ఆకుపచ్చని చిన్న ఆపిల్‌లాంటి కాయలు రాలి ఉంటాయి, వాటిని ముట్టుకోవద్దు. మంచినీల్ చెట్టు అది. మన జీడి గింజ రసం ఎట్లా కాలుస్తుందో తెలుసు కదా, దీని పాలు అంతకంటే ఎక్కువ. వాన వస్తే ఆ చెట్టు కింద నిలబడకూడదు, ఆకుల మీదుగా కారిన నీళ్లకే చర్మం బొబ్బలెక్కుతుంది.

కొల్లాపూర్ వంటిల్లు | మే 20

మర్యాద సంగతి ఒకటి మరచిపోయాను. దుకాణంలోకి గానీ బస్సులోకి గానీ వెళ్లగానే అందరికీ కలిపి శుభోదయమో, శుభ మధ్యాహ్నమో చెప్పాలి. చెప్పకుండా "అది ఎంత" అని అడిగితే మొహం తిప్పుకుంటారు. చీకటి పడ్డాక గుడ్ నైట్ అని పలకరిస్తారు. నన్ను వెళ్లిపొమ్మంటున్నారనుకొని మొదటి వారం ఒక కొట్టు నుంచి నిజంగానే వెనుదిరిగి వచ్చేశాను. బస్సులంటే వ్యాన్లే. దిగవలసిన చోటు రాగానే వ్యాను రేకు మీద వేళ్లతో తట్టాలి.

నల్లగొండ టీచరమ్మ | అక్టోబరు 19

అందరికీ నమస్కారం. వచ్చి పదకొండు వారాలైంది. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించాలి.

పొద్దున ఎనిమిదిన్నరకు ఏడుగురు పిల్లలు ఫోనులో కూర్చుంటున్నారు. త్రికోణమితి మధ్యలో ఇక్కడి కోడి కూస్తే, అక్కడ సాయంత్రం పూట కోడి కూతేమిటని వాళ్లు ఒకటే నవ్వు. నేను వచ్చిన పది రోజులకే ఇక్కడి కార్నివాల్ జరిగింది. తెల్లవారుజామున ఒంటినిండా నల్లని నూనె పూసుకొని, తలకు కొమ్ములు పెట్టుకొని, గొలుసులు ఈడ్చుకుంటూ జాబ్ జాబ్ వేషగాళ్లు వీధి నిండా వచ్చేసరికి, బోనాల పోతరాజులే గుర్తుకొచ్చారు. భయం వేయలేదు.

బతుకమ్మకు తంగేడు, గునుగు ఎక్కడ దొరుకుతాయి? మందారాలు, కాగితం పూలు, ఇంటి యజమానురాలు కోసుకోనిచ్చిన పసుపు గంటల పూలతో ఐదు వరుసలు పేర్చాను. మందారాలు సాయంత్రానికి ముడుచుకుపోయి బతుకమ్మ ఒకవైపు ఒరిగింది. మరో ఇద్దరు విద్యార్థుల భార్యలు, ఒకరు కేరళ, ఒకరు నైజీరియా, వచ్చి చప్పట్లు కొట్టారు. మావారికి మరునాడు పరీక్ష. ఆయన పాటకు రాలేదు. నాకు కోపం రాలేదంటే అబద్ధం, వచ్చింది. కానీ వనపర్తి అక్కా, ఆ కోపం నాది, ఆయన మార్కులది కాదు. మరునాడు ఉదయం నాకు పాఠం ఉండటంతో పడుకున్నాను.

యజమానురాలు నిన్న పెరటి చెట్టు నుంచి పండిన జాజికాయ తెచ్చి ఇచ్చింది. పైన పసుపుపచ్చని కండ రెండుగా విచ్చుకొని ఉంది, లోపల నల్లగా మెరిసే గింజ, దాని చుట్టూ వలలా అల్లుకున్న ఎర్రని తొడుగు. ఆ ఎరుపే ఎండితే జాపత్రి అట. కిరాణాకొట్టులో గోధుమరంగు ముక్కలుగా చూసిన జాపత్రి ఇంత ఎర్రగా పుడుతుందని నాకు ఇన్నేళ్లుగా తెలియదు. అమ్మకు ఫొటో పంపాను, నిద్రలేచాక చూస్తుంది.

చిన్న సమస్య. మిక్సీ మూడు వారాలు బాగానే నడిచి, మొన్న పల్లీల చట్నీ మధ్యలో ఆగిపోయింది. అడాప్టర్ విప్పి చూస్తే అందులోని ఫ్యూజు మాడింది. దాని మీద 3 అని రాసి ఉంది. మిక్సీ 750 వాట్లది. ఏం వేయాలి?

గ్రాండ్ ఆన్స్ అక్క | అక్టోబరు 19

చెల్లీ, లెక్కల టీచరు మీరే కదా, 750ని 230తో భాగించి చూడండి. మూడు దాటుతోంది. ఇనుప సామాన్ల కొట్టులో 5 ఆంపియర్ల ఫ్యూజు అడగండి, ముందు శుభ మధ్యాహ్నం చెప్పి.